గాలివాటున గీసిన గీత

పోయిన నెలలో మా చిన్నవాడిని వెంటబెట్టుకుని శ్రీకాకుళంలో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణానికి వెళ్ళవలసి వచ్చింది. వాడికి ఆటలాడుకునే యంత్రం ఒకటి కావాలి. టీవీకి తగిలించుకునే గేమ్ పెట్టె తీసుకోవాలా, కంప్యూటరే తీసుకోవాలా అన్నది తేలక ఇంట్లో చాలా రోజులు వాదన నడిచింది. దుకాణంలో కుర్రాడు పెట్టె వైపే మొగ్గి, "దీనికేటీ బాధుండదు బాబూ, తగిలించీడమే, ఆడీడమే. కంప్యూటరయితే ఎప్పుడూ ఏదో ఒకటి ఇప్పుతానే ఉండాల" అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయినా ఆ విప్పడం అన్న మాట వినగానే నాకు ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఒక ఇనపడబ్బా, దాని తెరమీద పచ్చటి ఇసుక, ఆ ఇసుక మీద పడుకున్న బూడిదరంగు గీత గుర్తొచ్చి, కొనే సంగతి వాళ్ళిద్దరికీ వదిలేసి బయట మెట్ల మీద కూర్చున్నాను.

నేను చాలాకాలం నౌపడ ఉప్పు మడుల దగ్గర లెక్కలు చూసినవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగిపోయింది. మడి ఎంత వైశాల్యం, అందులో నీరు ఎంత లోతు, ఎండ ఎంత లాగుతుంది, ఎంత ఉప్పు తేలుతుంది, ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండా వేసి వేసి నేర్చుకున్నవే. అందువల్ల నాకొక జబ్బు పట్టుకుంది. ఏ వస్తువు చూసినా ముందు దాని కొలత అడుగుతాను. పెళ్ళిపందిరిలో కూర్చున్నా రాటకీ రాటకీ ఎడమెంతో కంటితో కొలుస్తూంటానని మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలో నవ్వుతుంది. నా వయసువాళ్ళలో ఇలాంటివాళ్ళు ఊరికొకరు ఉండేవారు, మీకూ తెలిసే ఉంటారు.

మా అక్కను ఇచ్చింది భోగాపురం వైపు, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లెకు. దాని పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు వెళ్ళి చూసే వీలు లేదు. ఇళ్ళు రెండే వరసలు. సముద్రం వైపు వరసలో మా బావ ఇల్లు, దాని వెనక తోటల వైపు వరసలో బావ తమ్ముడి ఇల్లు. ఇంకా వెనక్కి జీడితోటలు, వాటికి పడమట ఒక కొండ. ఊరి బతుకంతా పెద్దవల మీద నడిచేది. పడవ ఆ వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా దింపుకుంటూ వెళ్ళి వస్తుంది, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు చేరతాయి. దక్షిణం తాడు సముద్రం వరసవాళ్ళు లాగాలి, ఉత్తరం తాడు తోట వరసవాళ్ళు లాగాలి. తాతల నాటి పంపకం అది. రెండు వైపులా బలం సమంగా ఉంటేనే వల నోరు తిన్నగా వస్తుంది. ఒక వైపు సడలిందా, చేపంతా ఆ వైపు నుంచే జారిపోతుంది. అందుకే ఆ ఊళ్ళో అన్నదమ్ములు ఎన్ని మాటలనుకున్నా పొద్దున్న తాళ్ళ దగ్గరికి మాత్రం ఏమీ జరగనట్టే వచ్చి నిలబడేవారు. మా అక్క కాపురం ఆ రెండు తాళ్ళ మీద నిలిచి ఉందన్న సంగతి నాకు పెళ్ళిచూపుల నాడే అర్థమయింది. అదంతా ఒక ఆటలో గీసిన గీత వల్ల పోయేంత పలచటిదని మాత్రం అప్పుడు ఎవరూ అనుకోలేదు.

అక్కకు ఒక్కతే కూతురు. మా మేనకోడలు విజయనగరంలో పాలిటెక్నిక్ చదువుతున్న రోజుల్లో చదువుకని చెప్పి కంప్యూటర్ కొనిపించుకుంది. ఆటలకని అడిగి ఉంటే మా బావ వలతాడుతో వెంటపడేవాడు. ఇంచుమించు అదే సమయంలో బావ తమ్ముడు తన పిల్లలకు టీవీకి తగిలించే గేమ్ పెట్టె తెచ్చాడు. మొదట్లో ఆ పెట్టెదే పైచేయి. మీట నొక్కగానే ఆట వచ్చేది, పిల్లలంతా అక్కడే. మా మేనకోడలి కంప్యూటర్ తెరుచుకునేలోపు అన్నం వార్చుకోవచ్చని తోడికోడలు మా అక్కను ఆట పట్టించేది.

కాని ఉప్పుగాలి సంగతి నాకు తెలుసు. ఆ ఒడ్డున గొళ్ళెం కూడా రెండేళ్ళు ఉండదు. వానాకాలం వెళ్ళేసరికి గేమ్ పెట్టె చచ్చిపోయింది. విప్పుదామంటే దాని మరలకు ఊళ్ళో ఉన్న ఏ స్క్రూడ్రైవరూ పట్టలేదు, పట్నం తీసుకెళితే సామాను రాదన్నారు. కంప్యూటర్ కూడా చచ్చిపోయింది. అయితే పిల్ల దాని పక్క రేకు ఊడదీసి, లోపలున్న పలకల్లో ఒకదాన్ని లాగి, దాని పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చి, మీట నొక్కింది. తెర వెలిగింది. అక్క గుమ్మంలోంచి చూసి, "సేపని కోసినట్టు కోసీసింది, మళ్లీ ఈదించీసింది" అంది. ఆ తరవాత ఏ ముక్క పోతే ఆ ముక్కే మార్చుకుంటూ వచ్చింది. తమ్ముడి పిల్లలు కూడా ఇటే వచ్చి కూర్చునేవారు.

ఒకసారి నేను వెళ్ళినప్పుడు అడిగాను, అంత సులువైన పెట్టె ఉండగా జనం ఈ తంటాలన్నీ పడి కంప్యూటర్లో ఎందుకు ఆడతారే అని. అది తెరమీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పిన జవాబు నాకు బాగా గుర్తు. "మావయ్యా, ఆ పెట్టెలో ఆళ్ళు ఏ ఊరు ఎడితే ఆ ఊళ్ళోనే ఆడాల. ఇందులో మన ఊరు మనమే ఎట్టుకోవచ్చు."

అది ఆడేది విమానం నడిపే ఆట. అప్పటికే ఆ ప్రాంతంలో విమానాశ్రయం వస్తుందన్న మాట వినబడుతోంది. ఎక్కడ వస్తుంది, ఎంత మేర వస్తుంది అన్నది మాత్రం టీకొట్టు దగ్గర ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి చెప్పేవారు. పిల్ల ఊరుకోక, ఆకాశం నుంచి తీసిన ఊరి ఫొటోలు ఇంటర్నెట్లోంచి దింపి, వాటిని ముక్కలు ముక్కలుగా ఆటలో అతికించి, ఇళ్ళూ పడవలూ నిలబెట్టి, ఒక సెలవుల్లో ఊరంతా కట్టేసింది. విమానం ఎక్కితే కింద మన ఇసుక, మన కొబ్బరిచెట్లు, ఒడ్డున ఆరేసిన వల. బావ తన ఇంటి మీద కప్పిన నీలం టార్పాలిన్ గుర్తుపట్టి తెరకు ఇంకా దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

ఆయనకూ నాలాంటి జబ్బే కొంత ఉంది. మర్నాడు వలతాడు తీసి తన గుమ్మం దగ్గరనుంచి పడవలు కట్టే చోటుదాకా బారలేసి కొలిచాడు. నేను బారలను మీటర్లలోకి మార్చాను, పిల్ల తెరమీద కొలిచింది. మూరెడు తేడా లేకుండా సరిపోయింది. ఆ వేళ వాకిట్లో చేరినవాళ్ళంతా దాన్ని చూశారు. నవ్వుకున్నారు, ముందు మా ఇల్లంటే ముందు మా ఇల్లు చూపించమన్నారు. అక్క అత్తగారు ఒక్కావిడే నవ్వలేదు.

"అంతా బాగుంది గానీ, మనుసులేరే?"

"ఫొటో తీసినప్పుడు అందరూ ఇళ్ళల్లో ఉండిపోయారేమో, నానమ్మా."

"పట్టపగలు ఊరందరూ ఇళ్ళల్లో ఎందుకుంటారే? మనుసుల్లేని ఊరు నాకు సూపించకు" అని ఆవిడ కర్ర పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ముసలావిడ చాదస్తం అనుకున్నాం.

ఊరు కట్టాక విమానం దిగడానికి రన్‌వే కావాలి కదా. పిల్ల ముందు దాన్ని జీడితోటల్లో అడ్డంగా వేసింది. వేసి, విమానాలు గాలికి ఎదురుగా దిగాలని తన చదువులో ఎక్కడో చూసి, మన దగ్గర ఏడాదిలో ఎక్కువకాలం గాలి ఎటునుంచి వస్తుందని తండ్రిని అడిగింది. గాలి సంగతి ఆయన్ని మించి అడగదగ్గవాళ్ళు ఆ ఒడ్డున లేరు. గుమ్మంలో నిలబడి, చెయ్యి చాచి, నైరుతి నుంచి ఈశాన్యానికి గాలిలోనే ఒక గీత గీసినట్టు తిప్పి చూపించాడు. పిల్ల ఆ చెయ్యి చూసుకుంటూ రన్‌వేను తిప్పింది. బూడిదరంగు గీత ఇసుకమీద మెల్లగా తిరుగుతూ వచ్చి, దాని కొస నీలం టార్పాలిన్ మీద ఆగింది.

"మనింటి మీదే దించీసినావేటే" అని బావ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలిసింది. గీత దిశ చెప్పింది ఆయన చెయ్యే. ఆయన అబద్ధం చెప్పలేదు, గాలీ అబద్ధం చెప్పదు. కాసేపటికి, ఆటే కదా, కాస్త లోపలికి జరపమన్నాడు. జరిపింది. గీత మన వరస దాటి వెనక వరస మీదికి ఎక్కింది, సరిగ్గా తమ్ముడి పెంకుల మీదికి. ఇంకా వెనక్కి జరిపితే దిగే దారిలో కొండ తగులుతోంది, ముందుకు జరిపితే సముద్రం. నేను కూడా కాగితం మీద వేసి చూశాను. గాలి అదే, కొండ అదే, సముద్రం అదే. గీత పట్టడానికి మిగిలింది ఆ రెండు వరసల మేరే.

తమ్ముడి పిల్లలు అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఇంటికి వెళ్ళి అన్నం తినేలోపే తమ్ముడు వచ్చాడు. గుమ్మం లోపలికి రాలేదు.

"ఏమ్మా, మా ఇంటి మీద ఇమానం దించీసినావంట."

"ఆట కదా, చిన్నాన్నా."

"ఆటయితే మీ ఇంటి మీదే ఉంచొచ్చు గదా. మీ మీదున్నప్పుడు జరపాలనిపించింది, మా మీదకొచ్చీసరికి ఆటయిపోనాదేటి?"

బావ లేచి, "ఒరే, బొమ్మరా అది. బొమ్మ సూసి దెబ్బలాటకొస్తావేట్రా" అన్నాడు. తమ్ముడు అన్నగారి కళ్ళల్లోకి చూసి, "కొలిసింది నువ్వే గదా అన్నా, బారలేసి, ఊరందరి ముందల. ఇల్లు సరిపోయినప్పుడు గీతెందుకు సరిపోదు?" అన్నాడు. ఇళ్ళు ఫొటోలోంచి వచ్చాయనీ, గీత పిల్ల మౌసుతో వచ్చిందనీ నోటితో చెప్పవచ్చు. కంటికి మాత్రం రెండూ ఒకే ఇసుకమీద ఒకేలా కనిపిస్తున్నాయి.

ఆ వారంలోనే మూడుకాళ్ళ యంత్రం, తెల్లగొడుగు పట్టుకుని ఎవరో రోడ్డు వైపు కొలుచుకుంటూ వెళ్ళారు. ఎవరని అడిగితే చెప్పినవాళ్ళు లేరు. దాంతో అక్క వాకిలికి జనం రావడం మొదలుపెట్టారు. వల లాగడం అయిపోయాక, చేపల బుట్ట నెత్తిమీదనుంచి దించకుండానే ఆడవాళ్ళు వచ్చి, మా ఇల్లు ఉందో పోయిందో చూడమ్మా అనేవారు. పిల్ల బెదిరిపోయి, ఎవరు అడిగితే వాళ్ళ ఇంటి మీదనుంచి కాస్త తప్పించేది. తప్పించినప్పుడల్లా అది మరొకరి కప్పు మీదికి పోయేది, సాయంత్రానికి ఆ మరొకరు వచ్చేవారు. ఒకావిడ ఒక రాత్రివేళ వచ్చి, కొంగున కట్టి తెచ్చిన ఎండురొయ్యలు అక్క చేతిలో పెట్టి, మాది మాత్రం ముట్టుకోవద్దని బతిమాలింది. ఆవిడ వెళ్ళాక అక్క వాటిని వండనూలేదు, పారెయ్యనూలేదు. అలాగే గూట్లో ఉండిపోయాయి. గీత సముద్రం వరస మీద ఉన్ననాడు ఆ వరసవాళ్ళు, తోట వరస మీద ఉన్ననాడు ఈ వరసవాళ్ళు ముఖాలు తిప్పుకునేవారు. నూతి దగ్గరికి అక్క వెళితే తోడికోడలు బిందె ఎత్తుకుని వెళ్ళిపోయేది.

తరవాత నేను వెళ్ళినది వల దింపిన ఒక పొద్దున్న. నీళ్ళ మీద చేప గుంపు నల్లటి మబ్బునీడలా కదులుతోంది. చాన్నాళ్ళకు వచ్చిన గుంపని అందరి కళ్ళూ దానిమీదే. తాళ్ళు ఒడ్డుకు చేరాయి. మన వైపు తాడు బిగిసింది. ఉత్తరం వైపు తమ్ముడూ, ఆ వరసవాళ్ళంతా తాడు చేతిలో పట్టుకునే ఉన్నారు, నడుములు వంచే ఉన్నారు, కాని తాడు ఇసుకమీద వంకరగా పడుకుని ఉంది. "లాగండ్రా, నోరు తిరిగిపోతంది" అని బావ అరిచాడు. అటునుంచి మాట రాలేదు. తిట్టు కూడా రాలేదు. ఆ ఒడ్డున తిట్లు లేకుండా వల ఏనాడూ పైకి రాలేదు. ఎదుటివాడి తల్లినీ తాతనూ తలుచుకుంటూనే లాగేవారు, నవ్వుకుంటూనే లాగేవారు. ఆ పొద్దున్న వినబడింది అలల చప్పుడే. వల నోరు మెల్లగా పక్కకు తిరిగింది. ఆ మబ్బునీడ ఉత్తరం వైపుకు సాగి, సన్నబడి, మెరిసి, వెళ్ళిపోయింది. తాడు కింద పెట్టి ఎవరి దారిన వాళ్ళు నడిచారు.

ఇంటికి వచ్చి బావ కూతురితో, "తీసీ ఆ గీత" అన్నాడు. జరపడం కాదు, మొత్తంగా తీసెయ్యమన్నాడు. పిల్ల తీసేసింది. తమ్ముణ్ణి పిలిపించి చూపించాడు. ఇసుక ఇసుకలా ఉంది, ఇళ్ళు ఇళ్ళలా ఉన్నాయి. తమ్ముడు తెరను చాలాసేపు చూశాడు. ఒక్క క్షణం లోపలికి అడుగు పెడతాడనే అనుకున్నాను.

"ఇప్పుడు తీసినావు. నానెల్లిపోయాక మళ్లీ ఎట్టవని ఏటి? నీ కూతురి సేతిలోదే గదా."

ఆ మాట నిజమే. మా పిల్ల ఏది చూసి కంప్యూటర్ గొప్పదందో, ఊరు దాన్ని చూసే భయపడింది. గేమ్ పెట్టెలో ఉన్నదాన్ని ఎవరూ మార్చలేరు, కనక దాని గురించి ఎవరూ ఎవరినీ అనుమానించరు. మనచేతే మారేదాన్ని ఎంత తుడిచినా తుడిచినట్టు నమ్మకం కుదరదు. పెద్దవల మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. చిన్న చిన్న వలలు ఎవరివి వాళ్ళు వేసుకున్నారు. అక్క అత్తగారు ఆ ఏడే పోయింది. పాడె మొయ్యడానికి చిన్నకొడుకు వచ్చాడు, మోశాడు, అన్నగారితో మాట్లాడకుండా వెళ్ళాడు.

కొన్నేళ్ళకు విమానాశ్రయానికి అసలు హద్దురాళ్ళు పాతారు. అసలు గీత మా పిల్ల గీసినచోట పడలేదు. ఇళ్ళకు చాలా ఎడంగా, కొండను తప్పించి, అటు తోటల అవతల పడింది. కాని గీత చుట్టూ కంచె ఉంటుంది, కంచె లోపల జాగా ఉంటుంది. సముద్రం వరసా, తోట వరసా, నుయ్యీ, పడవలు కట్టే చోటూ, అంతా ఆ జాగాలోదే. గీత ఎవరింటి మీద పడుతుందా అని అంతకాలం కొట్టుకున్నాం గాని, గీతకు చుట్టూ ఎంత మేర కావాలన్నది ఏ ఒక్కరికీ తట్టలేదు. ఎందులో చూసినా కొలత అడిగే నాకూ తట్టలేదు. రెండు వరసలూ ఒకేసారి లేచిపోయాయి. దూరంగా కట్టిన కాలనీలో అన్నదమ్ములకు చెరో కొసా ఇళ్ళు వచ్చాయి. మధ్యలో ఉన్నవాళ్ళెవరూ వీళ్ళ గురించి వాళ్ళకుగాని, వాళ్ళ గురించి వీళ్ళకుగాని చెప్పరు. పెద్దవల అక్క ఇంటి వెనక ప్రహరీ మీద పడి ఉంది. దాని దక్షిణం తాడు ఇక్కడుంది. ఉత్తరం తాడు ఆ కొసనున్న ఇంట్లో ఉందని విన్నాను.

మన తరంవాళ్ళకు పోయిన ఊరు తలలో ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ చెరిగి, మంచివైపే మిగిలి, ఒక విధంగా దయ చూపిస్తుంది. మా అక్కకు ఆ దయ కూడా లేదు. ఆ కంప్యూటర్లో ఇప్పటికి ఎన్ని ముక్కలు మారాయో, మొదటిది ఒక్కటైనా మిగిలిందో లేదో నాకు తెలియదు గాని, లోపల ఊరు మాత్రం చెక్కుచెదరలేదు. పిల్ల విశాఖలో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చినప్పుడు అక్క కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటుంది. పోయిన నెల ఆ దుకాణంనుంచి చిన్నవాణ్ణి ఇంటికి పంపించేసి నేను తిన్నగా అక్క దగ్గరికే వెళ్ళాను; పిల్ల సెలవుకు వచ్చి ఉంది. విమానం సముద్రం మీదనుంచి వచ్చి, నీలం టార్పాలిన్ మీదుగా, తమ్ముడి పెంకుల మీదుగా, ఎవరూ లేని వాకిళ్ళ మీదుగా తిరుగుతోంది. దాని నీడ ఒక్కొక్క కప్పే దాటుకుంటూ పోతోంది.

"ఒకపాలి దించే" అంది అక్క.

"ఎక్కడ దించనమ్మా? సోటు లేదు గదా. గీత ఎడితే ఇప్పుడే దించీగలను."

"గీత ఎట్టకు" అంది అక్క.

పిల్ల విమానాన్ని మళ్ళీ ఊరివైపు తిప్పింది. విమానంలో ఇంధనం అయిపోతోందని తెరమూల ఎర్రటి ముల్లు చూపిస్తోంది. అది తగ్గే వేగాన్నిబట్టి ఇంకెన్ని చుట్లు తిరగగలదో నాకు తెలియకుండానే లెక్క వేస్తున్నాను. విమానం ఊరిమీద ఇంకో చుట్టు, ఇంకో చుట్టు తిరిగి, ముల్లు అడుక్కి ఆనాక, పడవలు కట్టే చోటు దాటి, మెల్లగా సముద్రంలోకి వంగింది. తెర నల్లబడింది. అక్క చీరచెంగు సర్దుకుని, మళ్ళీ మొదలుపెట్టమంది.